మూడు సెకన్ల సాక్షులు

ఆకాశంలో అగ్నిగోళం కనబడితే నోరెళ్లబెట్టి చూస్తాం. తర్వాత ఎవరైనా వచ్చి ఎంతసేపు కనబడింది, ఎటు పోయింది, చప్పుడు ఎప్పుడొచ్చింది అని అడిగితే తల గోక్కుంటాం. ఆ జవాబుల మీదే ఒక శాస్త్రం నిలబడి ఉంది మరి!

శుభకృత్ నామ సంవత్సర ఉగాది. 2022 ఏప్రిల్ 2. పొద్దున పచ్చడి తాగి, మధ్యాహ్నం భక్ష్యాలు తిని, సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం విని వచ్చాం. కాగజ్‌నగర్‌లో మా చిన్నమ్మ వాళ్లిల్లు. కింద ఉక్కపోతకు తట్టుకోలేక అందరం డాబా మీద చాపలు పరుచుకున్నాం. ఆ ఏడాది రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని లెక్కలు నడుస్తున్నాయి. ఏడు ముప్పావు ప్రాంతంలో చిన్నమ్మ మనవడు ఒక్క కేక పెట్టాడు.

"అమ్మమ్మా, గటు సూడు!"

ఉత్తర దిక్కున ఆకాశం అంటుకుంది. ఏడెనిమిది నిప్పు ముద్దలు ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా, కాలుతున్న తోకలతో పడమటి నుంచి తూర్పుకి సాగిపోతున్నాయి. ఉరుకులు లేవు, పరుగులు లేవు. ఊరేగింపులా నింపాదిగా వెళ్తున్నాయి. చిన్నమ్మ చెంపలేసుకుంది. "సుక్కలు తెగిపడుతున్నయ్. సూడకుండ్రి, ఇంట్లకు నడువుండ్రి" అంది. పక్క డాబా మీది పెద్దమనిషి అది కచ్చితంగా మిసైలే అన్నారు. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై అప్పటికి నెల దాటింది, రోజూ టీవీలో అవే చూస్తున్నాం కాబట్టి ఆయన్ని తప్పు పట్టలేం. ఇంకెవరో విమానం కాలిపోతోందన్నారు.

అంతా ఆరిపోయాక నేనొక పని చేశాను. ఎంతసేపు కనబడిందో చెప్పమని డాబా మీద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే అడిగాను. చిన్నమ్మ 'ఇట్ల వచ్చింది, అట్ల పోయింది' అంది. బాబాయి అర నిమిషం అన్నాడు. పిల్లాడు ఐదు నిమిషాలన్నాడు. నేను పావు నిమిషమని ఒట్టేసి చెప్పగలిగేవాణ్ణి. పక్కింటి కుర్రాడు తీసిన వీడియో చూస్తే నిమిషం దాటింది. వాడు ఫోన్ బయటికి తీయడానికి పట్టిన సమయం అందులో లేదు.

ఆ నిమిషమే అసలు విషయం బయటపెట్టింది. మేం చూసింది ఉల్క కాదు.

ఉల్క మామూలుగా నిమిషం సేపు ఉండదు. రెండు సెకన్లు, మూడు సెకన్లు, మహా అయితే పదో పదిహేనో. సౌర కుటుంబంలో తిరిగే రాయి ఏదైనా మన గాలిలోకి వచ్చేసరికి దాని వేగం సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గదు, 72 వరకూ ఉండొచ్చు. భూమి చుట్టూ తిరిగి తిరిగి కిందికి జారే రాకెట్ ముక్కల వేగం సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లోపే. పైగా అవి నేలకు దాదాపు సమాంతరంగా వస్తాయి. అందుకే అంత నింపాదిగా, అంతసేపు, విడివిడి ముక్కలుగా ఊరేగుతాయి. మా ఉత్తరాన, సరిహద్దుకు అవతల చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలోని లాడ్‌బోరి అనే ఊళ్లో ఆ రాత్రే మూడు మీటర్ల వెడల్పు లోహపు చక్రం ఒకటి వచ్చి పడింది. తెల్లారేసరికి దాన్ని చూడ్డానికి జనం ఎగబడ్డారు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో అంచె ఇలా రాలిపడి ఉంటుందని ఉపగ్రహాల జాడలు తీసే ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డొవెల్ లెక్కగట్టి చెప్పారు. అంటే పండగ పూట మేం కళ్లప్పగించి చూసింది పొరుగు దేశపు చెత్త!

నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశపడ్డాను. ఎందుకంటే అసలు సిసలు ఉల్కను నేను అంతకు ఎన్నో ఏళ్ల ముందే చూశాను. చూసి, పారేసుకున్నాను.

కార్తీక మాసం. నాకు పన్నెండేళ్లుంటాయి. తెల్లవారుజామున నాయనమ్మ వెంట చెరువుకు స్నానానికి పోతున్నాం. కట్ట మీద ఇంకా చీకటే, ఆమె చేతిలో లాంతరు. ఉన్నట్టుండి నా నీడ నా ముందుకొచ్చింది. వచ్చి నిలబడలేదు, కుడి నుంచి ఎడమకు గిర్రున తిరిగింది. తలెత్తేసరికి తాటిచెట్ల మీదుగా ఆకుపచ్చటి వెలుగు ముద్ద దూసుకుపోయి, చివర్లో నారింజ రంగులో చిట్లి, ఆరిపోయింది. అది పోయిన దారి పొగచారలా కాసేపు మిగిలింది. నేను వేలెత్తి చూపబోతే నాయనమ్మ నా చెయ్యి కిందికి లాగింది. "చుక్క తెగితే ఎవలిదో పెద్ద పానం పోయినట్టు. సూస్తె సూసినవ్ గని నోటితోని చెప్పకు."

చెప్పలేదు. తారీఖు గుర్తులేదు. ఏ ఏడాదో కూడా సరిగా చెప్పలేను. జీవితంలో ఒకే ఒక్కసారి దొరికిన అవకాశంలో అంత పనికిమాలిన సాక్షిని నేను.

కొరివి వెలుగు

సంస్కృతంలో ఉల్క అంటే కొరివి. మండే కట్టె. అక్కణ్ణుంచే ఆకాశంలో మండేదానికీ ఆ పేరొచ్చింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కల కోసం విడిగా ఒక అధ్యాయమే పెట్టాడు. ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని అయిదు రకాలు చేశాడు. ఆకారం, రంగు, తోక పొడవు, చప్పుడు, పడిన దిక్కు, అన్నీ గమనించి రాశాడు. స్వర్గంలో పుణ్యఫలం అనుభవించడం అయిపోయి కిందికి పడుతున్నవారి రూపాలే ఉల్కలని ఆయన అంటాడు. మా నాయనమ్మ బృహత్సంహిత చదవలేదు. చదవకపోయినా ఆ మాట పద్నాలుగు వందల ఏళ్లు నడిచి మా చెరువుకట్ట దాకా వచ్చింది. రానిది వరాహమిహిరుడి రెండో సగం, అంటే చూసినదాన్ని రకాలుగా విడదీసి రాసిపెట్టుకునే బుద్ధి. దారిలో ఎక్కడ జారిపోయిందో!

మామూలుగా రాలే చుక్క ఆవగింజంతో శనగగింజంతో ఉండే రేణువు. నిమ్మకాయంత రాయి అయితే శుక్రుణ్ణి మించిన వెలుగు ఇస్తుంది. అలా శుక్రుడికంటే ఎక్కువ వెలిగే వాటినే అగ్నిగోళాలంటారు. భూమి మొత్తం మీద ఇలాంటివి రోజుకు కొన్ని వేలు పడుతుంటాయని అంచనా. భూమిలో డెబ్బై పాళ్లు సముద్రం. మిగిలిన నేలలో సగానికి పగలు. రాత్రి ఉన్నచోట మబ్బులు, మబ్బుల్లేనిచోట నిద్ర. అన్నీ తప్పించుకుని మన నెత్తిమీదికి వచ్చినప్పుడు మనం ఫోన్ చూసుకుంటూ ఉంటాం.

అంత చిన్న రాయికి అంత వెలుగెక్కడిది? గాలితో రాపిడి అని బళ్లో చెప్పారు. రాపిడి పాలు తక్కువే. సైకిల్ చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. లోపల నలిగిన గాలి వేడెక్కుతుంది. ఉల్క ముందున్న గాలికి పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. అది నలిగి వేల డిగ్రీలకు ఎక్కుతుంది, ఆ వేడికి రాయి పైపొర ఆవిరవుతుంది. మనకు కనబడే వెలుగు ఆ గాలిదీ ఆ ఆవిరిదీ. సోడియం ఉంటే పసుపు, కాల్షియం ఉంటే ఊదా ఛాయ, మెగ్నీషియం, నికెల్ ఆవిర్లు ఆకుపచ్చ. నా చిన్నప్పటి ఆకుపచ్చ వెలుగు వట్టి కల్పన కాదని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

నూరు కిలోమీటర్ల ఎత్తున అంటుకున్న రాయి, పూర్తిగా ఆవిరైపోకుండా మిగిలితే, ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తుకొచ్చేసరికి వేగం చచ్చి ఆరిపోతుంది. అక్కణ్ణుంచి చీకట్లో మామూలు రాయిలాగే కిందికి పడుతుంది. దాన్ని ఎవరూ చూడలేరు. అందుకే 'మా పక్కూరి పొలంలో పడింది, నేనే చూశాను' అనే మాట నూటికి తొంభై తొమ్మిది సార్లు నిలవదు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఎత్తు ఆకాశంలో పది డిగ్రీలు. ముప్పై కిలోమీటర్ల ఎత్తులో ఆరిపోయిన ఉల్క మీకు నేలగీతకు పిడికెడెత్తున కనబడిందంటే అది మీకు నూట డెబ్బై కిలోమీటర్ల దూరాన ఉన్నట్టు. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి 'అదిగో, ఆ అపార్ట్‌మెంట్ల వెనకాలే పడింది' అనుకుంటాం. అది కోదాడ దాటాక ఎక్కడో ఉంటుంది.

ముందు మెరుపు, తర్వాత దెబ్బ

రష్యాలోని చెల్యాబిన్స్క్. 2013 ఫిబ్రవరి 15, శుక్రవారం. గడ్డకట్టే చలి. పొద్దున తొమ్మిదీ ఇరవై. పిల్లలు బళ్లకు, పెద్దలు పనులకు చేరుకునే వేళ. సూర్యుడు వచ్చిన దిక్కు నుంచే ఆ రాయీ వచ్చింది. అందుకే ప్రపంచంలో ఏ దుర్భిణీ దాన్ని ముందుగా పసిగట్టలేదు. ఇరవై మీటర్ల అడ్డకొలత, అంటే ఆరంతస్తుల భవనమంత. బరువు పన్నెండు వేల టన్నుల పైమాట. సెకనుకు 19 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే హైదరాబాద్ నుంచి విజయవాడకు పదిహేను సెకన్లు.

భూమికి ముప్పై కిలోమీటర్ల ఎత్తున అది పేలింది. ఆ వెలుగు ముందు సూర్యుడు వెలవెలపోయాడు. విడుదలైన శక్తి నాలుగు అయిదు లక్షల టన్నుల టి.ఎన్.టి.కి సమానం. పేలింది, ఆకాశంలో జంట పొగచార మిగిలింది, అంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దమే కొంప ముంచింది. జనం ఏం జరిగిందో చూద్దామని కిటికీల దగ్గరికి పోయారు. అద్దాలకు ముఖాలు ఆనించి పొగచారను చూస్తున్నారు. ధ్వని కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు పడుతుంది. నలభై కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి రావడానికి రెండు నిమిషాల పైచిలుకు పట్టింది. వచ్చీ రావడంతోనే నగరమంతా అద్దాలు పగిలి మొహాల మీద పడ్డాయి. ఏడు వేలకు పైగా భవనాలు దెబ్బతిన్నాయి. దాదాపు 1,500 మంది ఆసుపత్రులకు వెళ్లారు. ఎక్కువమందికి గాజు ముక్కల గాయాలే. రాయి తగిలినవాళ్లు ఒక్కరూ లేరు.

ఒక బళ్లో నాలుగో తరగతి పంతులమ్మ మెరుపు చూసింది. ఏమిటో ఆమెకు తెలియదు. తెలియకపోయినా 44 మంది పిల్లలనూ బల్లల కిందికి దూరమంది. తను మాత్రం నిలబడే ఉంది. దెబ్బ వచ్చినప్పుడు ఆమె చేతికి గాజు దిగి స్నాయువు తెగింది. పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. చెల్యాబిన్స్క్ గురించి ఎన్ని లెక్కలు మరచిపోయినా ఈ ఒక్క సంగతి మన బళ్లలో చెప్పుకోవాలి. ఆకాశంలో కళ్లు మిరుమిట్లు గొలిపే మెరుపు కనబడితే కిటికీ దగ్గరికి పోకూడదు. కొన్ని నిమిషాల దాకా గోడ చాటున ఉండాలి. కొలంబోకో కాకినాడకో రాదన్న హామీ ఎవరిచ్చారు?

ఈ సంఘటన శాస్త్రవేత్తల చేతికి అంత నిండుగా దొరకడానికి కారణం మరీ చిత్రం. రోడ్డు ప్రమాదం జరిగితే అవతలివాడు అడ్డం తిరుగుతాడన్న భయంతో రష్యాలో డ్రైవర్లు కారు అద్దానికి కెమెరాలు తగిలించుకుంటారు. ఇన్సూరెన్సు తగాదాల కోసం పెట్టుకున్న ఆ కెమెరాలన్నీ ఆ పొద్దున ఆకాశాన్ని పట్టేశాయి. చెల్యాబిన్స్క్ నడిబొడ్డున ఒక కూడలిలో ఉన్న కెమెరాకు ఉల్క అసలు కనబడనేలేదు. దీపస్తంభాల నీడలు నేల మీద తిరగడం మాత్రం కనబడింది. కొలంబియాకు చెందిన జూలువాగా, ఫెర్రిన్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు ఆ నీడల కోణాలు కొలిచి, మరికొన్ని వీడియోలు జతచేసి, ఆ రాయి సూర్యుడి చుట్టూ ఏ దారిలో తిరుగుతూ వచ్చిందో లెక్క కట్టారు. ఆ వార్త చదివినప్పుడు నాకు చెరువుకట్ట మీద గిర్రున తిరిగిన నా నీడ గుర్తొచ్చింది. ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు తిరిగిందో టైముతో సహా రాసిపెట్టి ఉంటే అదీ ఒక కొలతే అయ్యేది.

దగ్గర్లోని చెబర్కుల్ సరస్సు మంచుపొరకు ఆరేడు మీటర్ల బొక్క పడింది. ఎనిమిది నెలల తర్వాత అడుగు నుంచి పెద్ద ముక్కను పైకి లాగారు. తూకం వేస్తుంటే 570 కిలోలు చూపించి కాటా విరిగిపోయింది.

ఇంతకంటే పెద్ద దెబ్బ 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగూస్కాలో తగిలింది. రెండు వేల చదరపు కిలోమీటర్ల అడవి నేలకొరిగింది. అక్కడికి మొదటి శాస్త్రీయ బృందం లియొనిద్ కులిక్ నాయకత్వంలో వెళ్లేసరికి 1927. పందొమ్మిదేళ్లు! సాక్షులు ముసలివాళ్లయిపోయారు.

'పల్లెటూరి గబ్బిలాయి కబుర్లు'

ఆకాశం నుంచి రాళ్లు పడతాయని పల్లెటూళ్ల వాళ్లు వేల ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. చదువుకున్నవాళ్లే నమ్మలేదు. 1768లో ఫ్రాన్సులోని లూసే అనే ఊళ్లో పొలం పనివాళ్ల కళ్లెదుట రాయి పడింది. దాన్ని పరీక్షించిన వారిలో ఆధునిక రసాయన శాస్త్రానికి తండ్రి అనిపించుకున్న లవోయిజే ఉన్నాడు. ఇది నేలమీది రాయే, పిడుగు పడి మాడింది అని తేల్చారు. మనవాళ్లూ పొలాల్లో దొరికే కొత్తరాతియుగపు నున్నటి గొడ్డళ్లను పిడుగురాళ్లని గుళ్లల్లో పెట్టుకున్నారు. లవోయిజే మన పల్లె పూజారి కంటే మెరుగ్గా ఏమీ చెప్పలేదన్నమాట. (పల్నాడులో పిడుగురాళ్ల అని ఊరే ఉంది. అక్కడ దొరికేది చక్కటి సున్నపురాయి. పైనుంచి పడింది కాదు.)

1794లో క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఈ రాళ్లు అంతరిక్షం నుంచే వస్తున్నాయని పుస్తకం రాస్తే నవ్వారు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులోనే లెగ్ల్ అనే ఊరి మీద మూడు వేల దాకా రాళ్లు కురిశాయి. ప్రభుత్వం బియో అనే యువ శాస్త్రవేత్తను పంపింది. ఆయన చేసిన పని ఏమిటంటే, ఊరూరా తిరిగి జనాన్ని అడగడం. ఒకరినొకరు ఎరగని, వేర్వేరు వృత్తుల, వేర్వేరు ఊళ్ల మనుషులు ఒకే కథ చెప్పారు. రాళ్లు పడిన మేర కోడిగుడ్డు ఆకారంలో ఉందని పటం గీశాడు. దాంతో పండితులు ఒప్పుకోక తప్పలేదు. ఉల్కాశాస్త్రం ప్రయోగశాలలో పుట్టలేదు, రైతుల వాంగ్మూలాల్లో పుట్టింది.

ఇలాంటిదే ఇంకో ముచ్చట. 1719లో ఇంగ్లండు మీదుగా పెద్ద అగ్నిగోళం పోయింది. తోకచుక్కతో పేరుపడ్డ హాలీ గారే సాక్ష్యాలు పోగుచేశారు. అది పోతున్నప్పుడే చిటపట వినబడిందని కొందరు చెప్పారు. అంత దూరం నుంచి ధ్వని అప్పటికప్పుడు ఎలా వస్తుంది, అంతా భ్రమ అని ఆయన కొట్టేశారు. లెక్క ప్రకారం హాలీ మాటే సబబు. కానీ తర్వాతి మూడు వందల ఏళ్లూ జనం అదే చెబుతూ వచ్చారు. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక మార్గం చూపించారు. ఉల్క వెలుగు సెకనుకు ఎన్నోసార్లు మిణుకుమంటూ వస్తుంది. ఆ వెలుగు పడ్డ ఆకులు, జుట్టు, ముదురు రంగు బట్టలు క్షణక్షణం వేడెక్కి చల్లారుతూ పక్కనున్న గాలిని కదుపుతాయి. ఆ చప్పుడు మన చెవి పక్కనే పుడుతుంది. భ్రమ అనిపించుకున్నవాళ్లకు కాస్త ఆలస్యంగానైనా న్యాయం జరిగే దారి పడింది.

మన నేల మీద పడ్డవి

తెలుగు నేల మీదా ఇలాంటి సాక్షులున్నారు. 1814లో రాయలసీమలో గుర్రంకొండ పేరుతో నమోదైన రాయి పడింది. ఇప్పుడు కొద్ది గ్రాములే మిగిలింది. 1852 జనవరి 23 సాయంత్రం నాలుగున్నరకు నెల్లూరు జిల్లా యాటూరులో ఫిరంగి మోతల్లాంటి చప్పుళ్ల తర్వాత పదమూడు కిలోల పైచిలుకు రాయి పడింది. సరిగ్గా పద్దెనిమిదేళ్లకు, 1870లో, మళ్లీ జనవరి 23నే, రాత్రి ఏడింటికి పార్వతీపురం దగ్గర నెడగొల్లలో అగ్నిగోళం కనబడింది. ఆ వెంటనే నాలుగున్నర కిలోల ఇనుప ముద్ద దొరికింది. తేదీలు కలవడం కాకతాళీయమే. పంచాంగకర్తలు తొందరపడనక్కర్లేదు.

నెడగొల్ల ముద్ద విలువ దాని తూకంలో లేదు. మనుషుల కళ్లముందు పడే ఉల్కల్లో ఇనుపవి నూటికి నాలుగైదుకు మించవు. తక్కినవన్నీ రాళ్లే. పైగా తెలిసిన ఇనుప ఉల్కల జాతుల్లో దేనిలోనూ ఇది ఇమడలేదు. ప్రపంచ ఉల్కల జాబితాలో నేటికీ 'ఏ గుంపుకూ చెందనిది' అనే ఉంది. పార్వతీపురం వైపు బళ్లలో ఎంతమంది పిల్లలకు ఈ సంగతి చెప్పారంటారు?

బీహార్‌లోని షేర్‌ఘాటీ దగ్గర 1865 ఆగస్టు 25న పడిన రాయికి ఇంకా పెద్ద పేరుంది. అది అంగారకుడి నుంచి వచ్చింది. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడ ఆ జాతి రాయి దొరికినా షెర్గొటైట్ అనే పిలుస్తున్నారు. ధర్మశాల అనే ఊళ్లో 1860 జులై 14న పడ్డ రాళ్ల సంగతి మరీ ముచ్చటైనది. మండుతూ వచ్చాయి కదా అని జనం భయపడుతూ ముట్టుకుంటే, చలికి వేళ్లు కొంకర్లు పోయాయని అప్పటి డిప్యూటీ కమిషనర్ రాశాడు. కోట్ల ఏళ్ల అంతరిక్షపు చలి కడుపులో దాచుకున్న రాయిని కొన్ని సెకన్ల మంట ఏం చేస్తుంది? పైపొరను మాడ్చి ఊరుకుంటుంది. ఉల్క పడి గడ్డివాములు తగలబడ్డాయన్న వార్తలు చదివినప్పుడల్లా నాకు ధర్మశాల గుర్తొస్తుంది. అగ్గిపెట్టె ఎవరి జేబులో ఉందో వెతకాలి ముందు.

ఈ మధ్యవాటిలో చెప్పుకోవాల్సింది గుజరాత్‌లోని దియోదర్. 2022 ఆగస్టు 17 సాయంత్రం జెట్ విమానం పోయినట్టు హోరు వినబడి, ఆ చుట్టుపక్కల ఊళ్లలో రాళ్లు పడ్డాయి. ఒక ఇంటి వరండాలో గచ్చు పెంకు పగిలింది. వాళ్లు ఆ ముక్కలను పారేయలేదు, దాచారు. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల పరీక్షించి అది ఆబ్రైట్ అనే చాలా అరుదైన జాతి అని తేల్చింది. మన దేశంలో అలాంటిది అంతకుముందు పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో. అంటే 170 ఏళ్లకు. వరండా ఊడ్చేవాళ్లు ఆ ముక్కలను చెత్తలో కలిపేసి ఉంటే మరో 170 ఏళ్లు ఆగాల్సి వచ్చేదేమో.

అలాగని నల్లగా, బరువుగా ఉన్న ప్రతి రాయీ ఉల్క కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పూర్వం ఇనుము కరిగించిన కొలిమిల చిట్టెం ఇప్పటికీ కుప్పలుగా ఉంది. ఉల్క దొరికిందంటూ సంచిలో వేసుకొచ్చే రాళ్లలో చాలా వాటి అసలు పేరు చిట్టెమే. గుర్తు చెప్పడం తేలిక. చిట్టెంలో బుడగల తూట్లుంటాయి. ఉల్కలో ఉండవు. కొత్తగా పడ్డ ఉల్కకు మాడిన అన్నం అడుగులాంటి పలుచటి నల్లపొర ఉంటుంది. విరిగిన చోట లోపల బూడిద రంగు కనబడుతుంది.

అడిగితే చెప్పడానికి

మా చిన్నమ్మ డాబా మీది అనుభవం తర్వాత ఇంట్లో నేనొక చాదస్తం మొదలెట్టాను. చుక్క రాలితే నోటితో 'ఒకటి, రెండు, మూడు' అనడం. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, అది ఎక్కడ మొదలైందో ఏ చెట్టు మీద ఆరిందో గుర్తుపెట్టుకోవాలి. పిడికిళ్లతో ఎత్తు కొలవాలి. మర్నాడు పగలు మళ్లీ అక్కడే నిలబడి ఫోన్‌లోని దిక్సూచితో దిక్కు చూసుకోవాలి. వెలుగు ఆరాక చెవులు రిక్కించి ఆరేడు నిమిషాలు ఆగాలి. మోత వినబడితే ఎన్ని నిమిషాలకో రాసుకోవాలి. మోత వినబడిందంటే రాళ్లు నేలకు చేరే అవకాశం గట్టిగా ఉన్నట్టే. రెండు మూడు ఊళ్ల నుంచి ఇలాంటి వివరాలు కలిస్తే చాలు, పడిన చోటు వెతకొచ్చు. 1959 ఏప్రిల్ 7న చెకోస్లొవేకియాలో ప్రిబ్రామ్ ఉల్కను ఫొటోల సాయంతో మొదటిసారి అలాగే పట్టుకున్నారు. ఇప్పుడు మన ప్రతి వీధి మొగలోనూ సీసీ కెమెరా ఉంది. దొంగలను పట్టడానికి పెట్టినవే. కాస్త ఆకాశం కూడా పడుతుంది వాటిలో. కొద్ది రోజుల్లో అడక్కపోతే ఆ రికార్డు మీద మరో రికార్డు పడిపోతుంది.

వివరాలను అంతర్జాతీయ ఉల్కా సంస్థ వెబ్‌సైట్‌లోని ఫారంలో నింపి పంపొచ్చు. రాయి దొరికితే అయస్కాంతం పెట్టి చూడకండి. కోట్ల ఏళ్లుగా అందులో నిలిచిన అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. నీళ్లతో కడగొద్దు, పసుపూ కుంకుమా పెట్టొద్దు. పడిన చోట ఫొటో తీసి, శుభ్రమైన కాగితంలోనో అల్యూమినియం రేకులోనో చుట్టి భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెప్పండి. దేశంలో ఉల్కాశిలల సంరక్షణ బాధ్యత వారిదే. దక్షిణాది కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది.

ఎప్పుడు చూడాలంటారా? ఆగస్టు 12, 13 రాత్రుల పెర్సీడ్ల ఉల్కల వాన గురించి పత్రికలన్నీ రాస్తాయి గాని, ఆ రోజుల్లో మనకు శ్రావణ మేఘాలే దిక్కు. మన ఆకాశానికి సరిపోయేవి చలికాలపువి. అక్టోబరు చివరి నుంచి నవంబరు నడుమ దాకా వృషభ రాశి వైపు నుంచి వచ్చే ఉల్కలు లెక్కకు తక్కువైనా, వాటిలో నింపాదిగా సాగే పెద్ద అగ్నిగోళాలు ఎక్కువ. నవంబరు 17 ప్రాంతంలో సింహరాశి ఉల్కలు తెల్లవారుజామున వస్తాయి. అవి కార్తీక స్నానాల రోజులు. డిసెంబరు 13 రాత్రి, అర్ధరాత్రి దాటాక మిథున రాశి నడినెత్తికొస్తుంది. ఏడాది మొత్తంలో మంచి వాన అదే. ఊరి దీపాలకు దూరంగా చాప వేసుకుని, కళ్లు చీకటికి అలవాటు పడేలా అరగంట ఫోన్ ముట్టుకోకుండా పడుకోండి. పక్కన నాయనమ్మలు ఉంటే వాళ్లనూ పడుకోబెట్టండి. పెద్ద చుక్క రాలితే వేలెత్తి చూపండి, టైము రాసుకోండి, నలుగురికీ చెప్పండి.